వార్తల్లో పదం: జాంథెలాస్మా

కనురెప్పలపై, ముఖ్యముగా ముక్కు దాపున నుండు కొనలయందు, నొప్పియు దురదయు లేక పసుపువన్నెతో మెత్తగా పొడచూపు మచ్చలకు వైద్యులిడిన పేరు జాంథెలాస్మా. రక్తమునుండి చర్మపుపొరలోనికి చేరిన కొలెస్ట్రాలును రక్షకకణములు మ్రింగి, అరిగించుకొనలేక, ఉబ్బి గుమిగూడుటయే దీని పుట్టుక. ఉదయగిరి కొండక్రింది పల్లెలనుండియు ఆత్మకూరునుండియు నెల్లూరు చర్మవైద్యుని వెదకి పోవువారికి మార్గములు పెక్కు గలవు: కత్తితో కోయుట, లేజరుతో కాల్చుట, ట్రైక్లోరోఎసిటిక్ ఆమ్లము పూయుట, ద్రవనత్రజనితో గడ్డకట్టించుట. అయినను రెప్పచర్మము మిక్కిలి పలుచనిదగుటచే మచ్చ మిగులుటయు, రెప్ప ముడుచుకొనుటయు కలదు. తొలగించినది మరల పుట్టుటయు అరుదు గాదు.

ముఖము దిద్దుకొను తొందరలో జనులు మరచునది, నాకు మాత్రము ముఖ్యమని తోచునది, లిపిడ్ ప్రొఫైల్ అను రక్తపరీక్ష. ఈ మచ్చలున్నవారిలో సుమారు సగముమందికి కొలెస్ట్రాలు సరిగానే యుండును గదా యని ఊరడిల్లరాదు. కోపెన్‌హాగెన్ నగరమున 12 వేలకు పైబడిన జనులను 1976 మొదలుకొని దశాబ్దములపాటు పరిశీలించి 2011లో ప్రకటించిన అధ్యయనమున, కొలెస్ట్రాలు లెక్కతో నిమిత్తము లేకయే ఇవి గుండెపోటునకు ముందస్తు సూచనలని తేలినది. నల్లగ్రుడ్డు చుట్టు ఏర్పడు బూడిదవన్నె వలయమునకు మాత్రము అట్టి స్వతంత్ర సూచకత్వము కానరాలేదు.