సగం రక్తం కోడిదైతే, డీఎన్ఏలో మనిషి వాటా ఎంత?

కత్తికి ఒక మైక్రోలీటరు మనిషి రక్తం, ఒక మైక్రోలీటరు కోడి రక్తం అంటుకున్నాయనుకుందాం. కంటికి సగం సగమే. డీఎన్ఏ లెక్క తీస్తే మనిషి వాటా నూటికి ఒకటి కూడా ఉండదు.

తేడా ఎర్రకణాల దగ్గర వస్తుంది. మన ఎర్రకణాల్లో కేంద్రకం ఉండదు కాబట్టి డీఎన్ఏ కోసం తెల్లకణాలే దిక్కు. మైక్రోలీటరుకు అవి 7,000 అనుకుంటే, కణానికి 6.6 పికోగ్రాముల చొప్పున 46 నానోగ్రాములు. (నానోగ్రాముకు వెయ్యి పికోగ్రాములు.) కోడి ఎర్రకణాల్లో కేంద్రకం ఉంటుంది. మైక్రోలీటరుకు 25 లక్షల కణాలు, కణానికి 2.5 పికోగ్రాములు: మొత్తం 6,250 నానోగ్రాములు. అంటే 135 రెట్లు! కోడికి బదులు మేకైతే ఈ గొడవ లేదు. దాని ఎర్రకణాల్లోనూ కేంద్రకం ఉండదు.

డీఎన్ఏ ప్రొఫైల్ తీసే కిట్‌కు అర నుంచి ఒక నానోగ్రాము మనిషి డీఎన్ఏ కావాలి. నానోగ్రామంటే దాదాపు 150 కణాల సరుకు. 260 నానోమీటర్ల అతినీలలోహిత కాంతితో కొలిచే పరికరం డీఎన్ఏ ఎంతుందో చెబుతుందే గానీ, ఎవరిదో చెప్పదు. దాన్ని నమ్మి కత్తి నమూనా నుంచి ఒక నానోగ్రాము వేస్తే అందులో మనిషిది 7 పికోగ్రాములు. ఒక్క కణం పాటి! ప్రొఫైల్ రాదు. మనిషి రక్తమే లేదనుకునే ప్రమాదమూ ఉంది.

అందుకే ముందు మనిషి డీఎన్ఏను విడిగా కొలుస్తారు. డీఎన్ఏకు నకళ్లు తీస్తూ కొలిచే రియల్ టైమ్ పీసీఆర్‌లో, మనిషి డీఎన్ఏకే అతికే ప్రైమర్లనే చిన్న ముక్కలు వాడతారు. కొన్ని పద్ధతులు 'ఆలూ' అనే 300 అక్షరాల ముక్కను ఎంచుకుంటాయి. మన జీనోమ్‌లో దానికి పది లక్షలకు పైగా నకళ్లున్నాయి కాబట్టి పికోగ్రాములు కూడా అందుతాయి. చింపాంజీలోనూ అది ఉంటుంది, కానీ కత్తి కేసుల్లో చింపాంజీ ఎప్పుడో గానీ తగలదు. పీసీఆర్ ప్రతి చక్రంలో నకళ్లు రెట్టింపవుతాయి; అవి చాలినన్ని అయ్యాక నమూనా వెలుగుతుంది. ఏడు చక్రాలు ముందు వెలిగిన నమూనాలో సరుకు 128 రెట్లు ఎక్కువన్నమాట. ఈ కొలత చేతికొచ్చాక, ఒక నానోగ్రాము మనిషి డీఎన్ఏ కోసం మొత్తం 136 నానోగ్రాములు వేయాలని తేలుతుంది. అంత కోడి డీఎన్ఏ చర్యకు అడ్డుపడవచ్చు. అందుకే తెలిసిన డీఎన్ఏను కూడా కలిపి, అది సరిగా పెరుగుతోందో లేదో చూస్తారు.

మనిషిది కాని ఆ రెండో రక్తం ఏ జంతువుదన్న ప్రశ్నకు దారి వేరు. హైదరాబాద్‌లోని పరిశోధన సంస్థ సీసీఎంబీ వన్యప్రాణి కేసుల్లో మైటోకాండ్రియా జన్యువును చదువుతుంది. ఒక్కో కణంలో దాని నకళ్లు వందలు, వేలు ఉంటాయి కాబట్టి పాడైన మాంసంలోనూ దొరుకుతుంది. ఆ సంఖ్య కణాన్ని బట్టి మారిపోతుంది కాబట్టి, జంతువు పేరు చెప్పినంత నిక్కచ్చిగా దాని వాటా చెప్పలేదు.