చూడవచ్చు, తొక్కరాదు

కొన్ని అందమైన చోట్లకు శత్రువుల వల్ల కాదు, అభిమానుల వల్లనే ముప్పు వస్తుంది. పసిఫిక్ మహాసముద్రం నడుమ, హవాయి దీవుల్లో ఒకటైన ఒవాహు మీద ఉన్న హనౌమా అఖాతం అటువంటిది. ఆ మధ్య అమెరికాలో ఉన్న మా అమ్మాయి నన్ను అక్కడికి తీసుకువెళ్ళింది. నేను చూసిన వింతల కంటే, ఆ వింతలను నిలబెట్టుకోవడానికి అక్కడివాళ్ళు పడుతున్న పాట్లు చెబితేనే మన సావనీరుకు తగి ఉంటుందని తోచింది.

హనౌమా అసలు ఒక అగ్నిపర్వత బిలం. పదుల వేల ఏళ్ళ క్రితం ఏర్పడింది. తర్వాత సముద్రం ఒక పక్క గోడను కోసుకుని లోపలికి వచ్చింది. ఒడ్డుకు దగ్గర్లోనే పగడపు దిబ్బ ఉంది. పెద్ద అలల ఊపును అదే విరిచేస్తుంది. అంచేత దిబ్బకు ఇవతల నీళ్ళు చెరువులాగా ఉంటాయి. కళ్ళకు గాజు ముసుగు, నోట్లో పైకి వంగిన గొట్టం పెట్టుకుని బోర్లా తేలుతూ కిందికి చూడటమే స్నోర్కెలింగ్. అంత సులువుగా కనిపించినా, ఈత అలవాటు లేనివాళ్ళు దిబ్బ దాటి పోరాదు. అక్కడ ప్రాణాలు పోగొట్టుకున్నవాళ్ళున్నారు.

నీళ్ళలోకి తల పెట్టగానే ముందు వినబడింది చప్పుడు. ఎవరో అటుకులు నములుతున్నట్టు పటపటమంటోంది. చిలకచేపలు! చిలక ముక్కులాంటి నోటితో రాతి మీది నాచును గీకి తింటాయి. ఆ గీకుడులో పగడపు ముక్కలూ కడుపులోకి పోయి, పిండై, ఇసుకగా బయటికి వస్తాయి. మనం పడుకుని ఎండ కాగే తెల్లని ఇసుకలో చాలా భాగం ఈ చేపలు తిని వదిలినదే. హవాయి రాష్ట్ర చేప కూడా ఉంటుందిక్కడ. దాని పేరు హుముహుమునుకునుకుఆపుఆఆ. మొదటిసారి విన్నప్పుడు ఎవరో దండకం ఎత్తుకున్నారనుకున్నాను.

ఇంతకీ పగడం రాయి కాదు, చెట్టూ కాదు, జంతువు. గుండుసూది తలంతటి ప్రాణులు వేలాదిగా చేరి, సున్నంతో ఇళ్ళు కట్టుకుంటాయి. వాటి ఒంట్లో కంటికి కనబడని నాచు కాపురముండి, ఎండతో ఆహారం తయారుచేసి పెడుతుంది. ఆ రంగూ చాలావరకు నాచుదే. నీరు మరీ వేడెక్కితే నాచు వెళ్ళిపోతుంది, పగడం తెల్లబోతుంది. 2014, 2015లలో హవాయిలో అదే జరిగింది. అక్కడ విరివిగా ఉండే ముద్దపగడం ఏడాదికి సుమారు ఒక సెంటీమీటరు పెరుగుతుంది. అలసిపోయిన ఈతగాడు ఒక్క క్షణం కాలు మోపితే, మన డిగ్రీ చదువంత కాలం పెరిగినది నలిగిపోతుంది.

1967లో ఈ అఖాతాన్ని సముద్రజీవుల రక్షిత ప్రాంతంగా ప్రకటించారు. హవాయిలో అదే మొదటిది. చేపలు పట్టడం మానేశారు, చేపలు పెరిగాయి. పెరిగిన చేపల్ని చూడటానికి జనం పెరిగారు! 1980లలో కొన్ని రోజుల్లో పదివేలమంది దాకా వచ్చేవారు. చేపలకు రొట్టె ముక్కలూ పచ్చిబఠాణీలూ వేసేవారు. దాంతో దూకుడు చేపలు బలిసి, బెరుకు చేపలు వెనకబడ్డాయి. వల పోయింది గానీ వాత్సల్యం వచ్చి పడింది. 1990 నుంచి అధికారులు జనాన్ని తగ్గించడం మొదలుపెట్టారు. తర్వాత మేత వేయడం మాన్పించారు. 2002లో కట్టిన విద్యాకేంద్రంలో ఇప్పుడు తొమ్మిది నిమిషాల సినిమా చూస్తేనే ఇసుక మీదికి దిగనిస్తారు. పగడం మీద నిలబడవద్దు, తాబేలును తరమవద్దు, ఏదీ ఏరుకుపోవద్దు. ఆ సినిమా చెప్పేది ఇదే.

2020 మార్చిలో మహమ్మారి వచ్చి అఖాతాన్ని మూయించింది. డిసెంబరు దాకా మనిషి అడుగు పడలేదు. అంతకుముందు రోజుకు మూడువేలమంది వరకు వచ్చేవారు. ఆ ఖాళీ నెలల్లో నీరు ఎంతగానో తేరుకున్నదని కొలిచిన శాస్త్రజ్ఞులు చెప్పారు. అనుకోకుండా జరిగిన ఈ ప్రయోగం ఫలితాన్ని ఎవరూ కాదనలేకపోయారు. ఇప్పుడు రోజుకు సుమారు 1,400 మందినే రానిస్తున్నారు. సోమ, మంగళవారాలు చేపలకు సెలవు. టిక్కెట్లు రెండు రోజుల ముందు ఉదయం ఏడింటికి విడుదలై, నిమిషాల్లో అయిపోతాయి. తిరుమల దర్శనం టిక్కెట్ల సంగతి తెలిసినవారికి నేను విడమరిచి చెప్పనక్కరలేదు. పరాయి ఊరివాళ్ళకు తలకు 25 డాలర్లు, మన లెక్కన రెండువేల పైమాటే. హవాయివాసులకు ఉచితం.

ఇది న్యాయమేనా? సముద్రానికి టిక్కెట్టేమిటని నాకూ అనిపించింది. డబ్బున్నవాడికే పగడం కనబడాలా అని మా అమ్మాయితో వాదించాను. "పోనీ, ఉచితంగా పదివేలమందిని దింపుదామా నాన్నా?" అంది. జవాబు చెప్పలేకపోయాను. డబ్బుతో అడ్డుకోవడం గొప్ప పద్ధతి కాదని ఇప్పటికీ నా అభిప్రాయం. కానీ లెక్క పెట్టి పంపడం, వారానికి రెండు రోజులు మూయడం, ముందు కూర్చోబెట్టి పాఠం చెప్పడం, ఈ మూడింటికీ వంక పెట్టలేను. వీటిలో పేదా గొప్పా తేడా లేదు. ఒంటికి రాసుకునే ఎండ లేపనాల్లో పగడానికి హాని చేస్తాయని తేలిన రెండు రసాయనాలున్నవాటిని హవాయిలో మందుల చీటీ లేకుండా అమ్మకూడదని 2018లో చట్టం చేశారు. అది 2021 నుంచి అమలైంది. ఆ చట్టమూ అందరికీ ఒకటే.

విద్యార్థి మిత్రులారా, మనమూ విహారయాత్రలకు పోతాం. కొల్లేరు కొంగలు కావచ్చు, అరకు గుహలు కావచ్చు. "మనం నలుగురమే కదా, ఏమవుతుంది" అనుకుంటాం. హనౌమాలో పదివేలమందిలో ప్రతివాడూ అదే అనుకున్నాడు. కాబట్టి ఎక్కడికైనా వెళ్ళేముందు, అక్కడ ఏది ఎంత నెమ్మదిగా పెరుగుతుందో ఒకసారి కనుక్కోండి. ఆ ఒక్కటీ తెలిస్తే, ఎవరూ చెప్పకుండానే అడుగు జాగ్రత్తగా పడుతుంది.