పిడికెడు పిండి, ఒకే సువాసన
(రేడియో ప్రసంగ పాఠము)

వాక్యభాగము: లేవీయకాండము 1వ, 2వ అధ్యాయములు, 5:7-13



సికింద్రాబాదు నుండి ఒక సహోదరి మాకు ఉత్తరము వ్రాశారు. ఆమె నాలుగిళ్లలో పాచిపని చేసి పిల్లలను చదివించుకొంటున్నారు. ఆమె వెళ్లే సంఘములో ఎక్కువ కానుక ఇచ్చినవారి పేర్లు మైకులో చదువుతారట. పది రూపాయల నోటు చేతిలో మడిచి పట్టుకొన్న తనకు సిగ్గు వేసి, కానుకల పాట మొదలుకాగానే నీళ్లు త్రాగే నెపముతో బయటకు వెళ్లిపోతున్నారట. "అయ్యగారూ, నా కానుక దేవుని లెక్కలోకి వస్తుందా?" అని అడిగారు.

సహోదరీ, మీ ప్రశ్నకు జవాబు లేవీయకాండములో ఉన్నది. బైబిలు చదివేవారు చాలామంది ఈ గ్రంథము రాగానే పేజీలు త్రిప్పేస్తారు. రక్తము, క్రొవ్వు, బూడిద మనకెందుకు అనుకొంటారు. కాని బీదవాని మీద దేవునికి ఎంత శ్రద్ధ ఉన్నదో ఇక్కడ తేటగా కనబడుతుంది.

మొదటి అధ్యాయములలో ఐదు అర్పణలు ఉన్నాయి: దహనబలి, నైవేద్యము, సమాధానబలి, పాపపరిహారార్థబలి, అపరాధపరిహారార్థబలి. మొదటిదైన దహనబలిని చూడండి. కలిగినవాడు కోడెను తేవచ్చును. అంత లేనివాడు గొఱ్ఱెను గాని మేకను గాని తేవచ్చును. అదీ లేనివాడు గువ్వను గాని పావురపు పిల్లను గాని తేవచ్చును. ఈ మూడు భాగముల చివర, అనగా 9, 13, 17 వచనములలో, ఒకే మాట ఉన్నది. అది దేవునికి ఇష్టమైన సువాసన అని. కోడెకు ఎక్కువ సువాసన, గువ్వకు తక్కువ సువాసన అని లేదు. తెచ్చినవి మూడు రకములు, దేవుడిచ్చిన రసీదు ఒక్కటే!

రెండవ అధ్యాయములో నైవేద్యము ఉన్నది. ఇది వంటింటి అర్పణ. మెత్తని గోధుమపిండి, నూనె, సాంబ్రాణి తేవాలి. పొయ్యిలో కాల్చి తేవచ్చును, పెనము మీద కాల్చి తేవచ్చును, కుండలో వండి తేవచ్చును. ఉప్పు మాత్రము తప్పనిసరి. యాజకుడు అందులో పిడికెడు తీసి, సాంబ్రాణి అంతటితో బలిపీఠము మీద దహించేవాడు. మిగిలిన పిండి ఏమయ్యేది? అహరోనుకు, అతని కుమారులకు ఆహారమయ్యేది. దేవుడు ఆకలిగొని అడుగలేదు. ఆకలియైతే మీతో చెప్పనని 50వ కీర్తనలో ఆయనే అంటున్నాడు. పిడికెడు దేవునికి, మిగిలినది మనుష్యుల ఆకలికి. దానికీ అదే సువాసన అని వ్రాయబడియున్నది.

ఇప్పుడు 5వ అధ్యాయము, 11వ వచనము. పాపము చేసినవాడు రెండు గువ్వలు కూడ తేలేని బీదవాడైతే? ఏఫా అను కొలతలో పదియవ వంతు పిండి తెస్తే చాలు. నూనె వద్దు, సాంబ్రాణి వద్దు. 13వ వచనములో అతనికి క్షమాపణ కలుగునని ఉన్నది. ఏఫాలో పదియవ వంతు ఎంత? నిర్గమకాండము 16వ అధ్యాయములో మన్నా కొలిచిన ఓమెరు కూడ అంతే, సుమారు రెండు లీటర్లు. అది ఒక మనిషికి ఒక దినపు ఆహారము. ఆ బీదవాడు తెచ్చినది తన ఒక్కనాటి తిండి. చూచేవారికి అది కొద్దిపాటి పిండి. దేవునికి అది ఒక మనిషి జీవితములో ఒక దినము.

ప్రియులారా, ఈ అర్పణలన్నిటి భావము క్రీస్తునందు నెరవేరినది. ఆయన శిశువుగా ఉన్నప్పుడు మరియ యోసేపులు బీదల అర్పణగా పక్షులనే తెచ్చారు. ఆయన సిలువ మీద తన్ను తానే అర్పించుకొన్నాడు. ఎఫెసీయులకు 5:2లో పౌలు ఆ అర్పణను కూడ సువాసన అనే పిలిచాడు. అది ఒక్కసారే, అందరి కొరకు. కాబట్టి క్షమాపణ కొనుక్కోవడానికి మనము ఏదియు ఇవ్వనక్కరలేదు. వేయి ఇస్తే లక్ష వస్తుందని దేవునితో బేరమాడనక్కరలేదు.

అయితే కానుక ఎందుకు? ఫిలిప్పీయులకు 4:18 చూడండి. బంధకములలో ఉన్న పౌలుకు అక్కడి విశ్వాసులు సహాయము పంపారు. దానికి కూడ సువాసన అనే పేరు పెట్టాడు. హెబ్రీయులకు 13:16లో ఉపకారము, ధర్మము చేయడమే దేవునికి ఇష్టమైన యాగమని చదువుతాము. రక్తబలి ముగిసినది. ఆకలిగొన్నవానికి అన్నము పెట్టే అర్పణ ముగియలేదు.

మన తెలుగు సంఘములకు ఇది క్రొత్త సంగతి కాదు. సికింద్రాబాదులో విజయవాడ రైలెక్కితే, వరంగల్ దాటిన తరువాత డోర్నకల్ జంక్షన్ వస్తుంది. 1912 డిసెంబరు 29న కలకత్తాలో అభిషేకము పొందిన వి. ఎస్. అజరయ్య గారు ఆ డోర్నకల్‌కు మొదటి బిషప్పు. ఆంగ్లికన్ సంఘములో భారతీయులలో కూడ ఆయనే మొదటి బిషప్పు. 1945 జనవరి 1న మరణించేవరకు ఆ పరిచర్యలోనే ఉన్నారు. అక్కడి విశ్వాసులలో ఎక్కువమంది మాల, మాదిగ పేటల వ్యవసాయ కూలీలు. చేతిలో రొక్కము ఆడేది కాదు. అయినా స్త్రీలు ఎసరు పెట్టి బియ్యము కొలిచేటప్పుడు ఒక పిడికెడు ప్రభువు కొరకు వేరుగా తీసిపెట్టేవారు. కోతకాలములో ధాన్యము, కోళ్లు తెచ్చి దేవుని సన్నిధిలో ఉంచేవారు. బీదల సంఘము బీదల పిడికిళ్లతో నిలబడినది. మీ అమ్మమ్మ వంటింట్లోని పిడికెడు బియ్యపు డబ్బా మీలో ఎందరికో జ్ఞాపకము ఉండవచ్చును. అది లేవీయకాండము రెండవ అధ్యాయమే!

సహోదరీ, ఇకమీదట కానుకల వేళ బయటకు వెళ్లకండి. మీ పది రూపాయలలో మీరు తోమిన గిన్నెలు ఉన్నాయి, తుడిచిన గచ్చులు ఉన్నాయి. కానుకపెట్టె ఎదుట కూర్చున్న యేసు ప్రభువు విధవరాలి రెండు కాసులను చూచాడు. మీ నోటును కూడ చూస్తాడు. ఇవ్వలేని వారము ఉంటే ఖాళీ చేతులతోనే కూర్చోండి. బిడ్డల నోటి ముద్ద తీసి తెమ్మని ఆయన అడుగడు.

సంఘ పెద్దలారా, మీకు కూడ ఒక మాట. పొలము అంచులను కోయక బీదలకు విడువుమని ఇదే గ్రంథము 19వ అధ్యాయములో ఆజ్ఞ ఉన్నది. కోడెకు, గువ్వకు దేవుడు ఒకే రసీదు ఇచ్చినప్పుడు మనము మైకులో రెండు రకముల రసీదులు ఎందుకు ఇస్తున్నాము? ఆమె ఎంత వేసింది అని చూడకండి. ఆమె ఇంట ఈ వారము బియ్యము ఉన్నదా అని అడగండి.

ప్రార్థన చేసుకొందాము: తండ్రీ, నీ కుమారుని అర్పణను బట్టి మమ్మును అంగీకరించినందుకు స్తోత్రములు. మా పిడికిలి విప్పుము. మా మధ్య ఎవరును సిగ్గుతో బయట నిలువకుండ చేయుము. యేసు నామమున వేడుకొంటున్నాము తండ్రీ, ఆమేన్.