వార్తల్లో పదం: రేస్ కండిషన్

సర్వర్‌లో ఎవరు లాగిన్ అయ్యారు, ఏ ప్రోగ్రామ్ ఎక్కడ ఆగింది వంటి వివరాలను ఎప్పటికప్పుడు ఫైళ్లలోకి ఎక్కించేవి లాగింగ్ డీమన్లు. వీటిలో చాలావాటికి రూట్ (సిస్టమ్‌పై పూర్తి) అధికారాలుంటాయి. చిక్కంతా అక్కడే.

రెండు పనుల్లో ఏది ముందు జరిగిందన్న దాన్నిబట్టి ఫలితం మారిపోయే పరిస్థితే రేస్ కండిషన్. లాగ్ ఫైల్ ఉందో లేదో డీమన్ ముందు చూస్తుంది, లేకపోతే సృష్టిస్తుంది. ఈ రెండింటి నడుమ రెప్పపాటు వ్యవధి చాలు. ఆ డైరెక్టరీలో రాసే హక్కున్న దాడిదారు అదే పేరుతో ఓ సింబాలిక్ లింక్ పెట్టి కీలకమైన సిస్టమ్ ఫైల్ వైపు తిప్పితే, డీమన్ రూట్ హోదాలో దాన్నే తెరుస్తుంది.

2016లో డెబియన్, ఉబుంటుల ఎన్‌జిన్‌ఎక్స్ వెబ్ సర్వర్ ప్యాకేజీల్లో బయటపడ్డ సీవీఈ-2016-1247 అనే భద్రతా లోపం ఇలాంటి లింక్ దాడికే దారిచ్చింది. లాగ్ డైరెక్టరీ వెబ్ సర్వర్ ఖాతా చేతిలో ఉండటమే అసలు లోపం.

పరిష్కారం ఉంది. ఫైల్ ఉందేమో చూడటం, సృష్టించడం ఒకే సిస్టమ్ కాల్‌లో జరగాలి. ఓపెన్ కాల్‌లోని ఓ_ఎక్స్‌సీఎల్ పని అదే. ఓ_నోఫాలో లింక్‌ను తిరస్కరిస్తుంది. ఫైల్ యజమానిని దాని పేరుతో కాక, తెరిచిన డిస్క్రిప్టర్‌తోనే మార్చాలి. అన్నిటికన్నా ముందు, రూట్ రాసే డైరెక్టరీలో ఇతరులకు రాసే హక్కు ఇవ్వకూడదు. దాడి జాడ చెప్పాల్సిన లాగ్ ఫైలే దాడికి దారి కాకూడదు.