భారీ రోబోల యుద్ధం, బిల్లు బంగ్లాదేశ్‌కు: జపాన్ వీడియో గేమ్ ‘ఫ్రంట్ మిషన్’ కథేంటి?

అది 2102 జూన్. ఆలోర్‌దేశ్ అనే దేశంలో సైన్యం తిరగబడింది. తమ గడ్డ మీదున్న అంతర్జాతీయ కూటమి సైనిక స్థావరాలపై దాడులు చేసి, ఆ కూటమి నుంచి స్వాతంత్ర్యం ప్రకటించుకుంది. స్థావరాల్లోని సైనికుల్లో చాలామంది చనిపోయారు. మిగిలినవాళ్లు ప్రాణాలతో దేశం దాటడానికి దారులు వెతుక్కుంటున్నారు.

ఆలోర్‌దేశ్ అంటే ఒకప్పటి బంగ్లాదేశ్. ఇదంతా 1997లో జపాన్‌లో విడుదలైన ‘ఫ్రంట్ మిషన్ 2’ అనే వీడియో గేమ్ కథ. బెంగాలీలో ‘ఆలోర్ దేశ్’ అంటే వెలుగుల దేశం అనే అర్థం వస్తుంది.

భారీ రోబోలు కొట్టుకునే ఆటలు జపాన్‌లో చాలానే ఉన్నాయి. వాటిలో ఒకటి దక్షిణాసియా దాకా ఎందుకు వచ్చింది? ఈ ప్రాంతం గురించి ఏం చెప్పింది?

రోబో హీరో కాదు, సరుకు

జపాన్ యానిమేషన్‌లో భారీ రోబోల కథలు ప్రధానంగా రెండు రకాలు. 1972లో వచ్చిన ‘మాజింగర్ జెడ్’ లాంటి వాటిలో రోబో ఒక మహావీరుడు. లోకంలో అలాంటిది మరొకటి ఉండదు. 1979 నాటి ‘మొబైల్ సూట్ గండమ్’ ఆ పద్ధతి మార్చింది. అందులో రోబోలు ట్యాంకుల్లాగా, యుద్ధ విమానాల్లాగా ఫ్యాక్టరీలో తయారయ్యే ఆయుధాలు. ఈ రెండో రకాన్ని ‘రియల్ రోబో’ అంటారు.

‘ఫ్రంట్ మిషన్’ ఈ రెండో దారిలో నడిచింది. సిరీస్‌లో మొదటి గేమ్ 1995 ఫిబ్రవరిలో నింటెండో సూపర్ ఫామికామ్ మీద వచ్చింది. తోషిరో త్సుచిదా నేతృత్వంలో జీ-క్రాఫ్ట్ సంస్థ దీన్ని తయారు చేసింది. ‘ఫైనల్ ఫాంటసీ’ గేమ్‌లతో పేరు తెచ్చుకున్న స్క్వేర్ విడుదల చేసింది. పాత్రల బొమ్మలు గీసింది యోషితాకా అమానో. నోరికో మత్సుయెదాతో కలిసి సంగీతం ఇచ్చింది యోకో షిమోమురా. 1990ల్లో మన ఊళ్ల వీడియో గేమ్ పార్లర్లలో మోగిన ‘స్ట్రీట్ ఫైటర్ 2’ సంగీతంలో చాలాభాగం ఆమెదే.

ఈ గేమ్‌లో రోబోలను ‘వాన్జర్’ అంటారు. జర్మన్ భాషలో నడిచే ట్యాంకు అనే అర్థం వచ్చే ‘వాండర్‌పాంజర్’కు ఇది కుదింపు. వీటిని కంపెనీలు తయారు చేసి అమ్ముతాయి. దుకాణాల్లో ఒక్కో భాగానికి ఒక్కో ధర ఉంటుంది.

చెయ్యి పోతే తుపాకీ పోయినట్టే

ఇది వేగంగా బటన్లు నొక్కే ఆట కాదు. చదరంగంలా గళ్లున్న మైదానంలో వంతులవారీగా సాగుతుంది. ఆటగాడు తన దళంలోని ఒక్కో వాన్జర్‌ను ఎక్కడికి కదపాలి, ఎవరి మీద కాల్పులు జరపాలి అనేది ఆలోచించి నిర్ణయించాలి. పోరాడుతున్న కొద్దీ పైలట్ల నైపుణ్యం పెరుగుతుంది. ఇలాంటి వాటిని టాక్టికల్ రోల్ ప్లేయింగ్ గేమ్‌లు అంటారు.

‘ఫ్రంట్ మిషన్’లో కొత్తదనం నష్టాన్ని లెక్కగట్టే తీరులో ఉంది. ప్రతి వాన్జర్‌కు నాలుగు భాగాలు: మొండెం, కుడి చెయ్యి, ఎడమ చెయ్యి, కాళ్లు. ఒక్కోదాని బలం వేరు. చెయ్యి ధ్వంసమైతే ఆ చేతిలోని ఆయుధం పనికిరాదు. కాళ్లు దెబ్బతింటే కదలిక మందగిస్తుంది. మొండెం పోతే ఆ వాన్జర్ కథ ముగిసినట్టే. బరువైన ఆయుధాలు తగిలించాలంటే మొండెంలోని ఇంజిన్ అంత బరువు మోయగలగాలి. మంచి ఇంజిన్ కావాలంటే డబ్బు కావాలి. అందుకే ఆటగాడి సమయం చాలావరకు యుద్ధరంగంలో కాకుండా దుకాణంలో, బరువు, ధర బేరీజు వేసుకోవడంలోనే గడిచిపోతుంది.

రెండో గేమ్‌లో ‘యాక్షన్ పాయింట్ల’ పద్ధతి చేరింది. నడవాలన్నా, కాల్చాలన్నా పాయింట్లు ఖర్చవుతాయి. వంతు ముగిశాక అవి తిరిగొస్తాయి. కానీ పక్క గళ్లలో శత్రువులు ఎంత ఎక్కువగా ఉంటే అంత కోత పడుతుంది. చుట్టుముట్టినవాళ్ల మధ్య చిక్కుకున్న సైనికుడి నిస్సహాయత ఇక్కడ ఒక అంకెగా కనిపిస్తుంది.

ఒక ద్వీపం కోసం రెండు కూటములు

ఈ సిరీస్ ఊహించిన భవిష్యత్తులో దేశాల కంటే కూటములే బలమైనవి. ఉత్తర, దక్షిణ అమెరికా దేశాలు యూఎస్ఎన్ అనే కూటమిగా ఏర్పడ్డాయి. జపాన్, ఆస్ట్రేలియా, ఆగ్నేయాసియా దేశాలు ఓసీయూ అనే మరో కూటమిలో ఉన్నాయి. పసిఫిక్ సముద్రంలోని హఫ్‌మన్ అనే కల్పిత ద్వీపం కోసం ఈ రెండూ తలపడతాయి.

మొదటి గేమ్ 2090లో మొదలవుతుంది. ఓసీయూ అధికారి రాయిడ్ క్లైవ్ దళం శత్రువుల ఆయుధ కర్మాగారం మీద నిఘాకు వెళ్లి దాడికి గురవుతుంది. ఆ దాడిలో అతను పెళ్లి చేసుకోవాల్సిన కరెన్ దూరమవుతుంది. ఆ సంఘటనతోనే యుద్ధం మొదలవుతుంది. సైన్యం నుంచి బయటకు వచ్చిన రాయిడ్ కిరాయి సైనికుడిగా మళ్లీ అదే యుద్ధంలోకి దిగుతాడు. మనుషుల మెదళ్లతో వాన్జర్లను నడిపే పరికరాల తయారీకి ఈ యుద్ధాన్ని ప్రయోగశాలగా వాడుకున్నారని కథ సాగేకొద్దీ బయటపడుతుంది.

చాలా యుద్ధ గేమ్‌లు గెలుపుతో ముగుస్తాయి. ‘ఫ్రంట్ మిషన్ 2’ మాత్రం ఆ తర్వాత జరిగింది చెబుతుంది. హఫ్‌మన్ యుద్ధంతో ఓసీయూ సభ్యదేశాల ఆర్థిక వ్యవస్థలు కుదేలయ్యాయి. ఎక్కువగా దెబ్బతిన్నది ఆలోర్‌దేశ్. కూటమి సాయం అక్కడి పరిస్థితిని మార్చలేకపోయింది. ప్రజల్లో రగిలిన ఆగ్రహమే సైనిక తిరుగుబాటుకు దారి తీసింది. ఎక్కడో సముద్రం మధ్యలో జరిగిన యుద్ధం ఖర్చు బంగాళాఖాతం ఒడ్డున తేలింది.

1971తో పోలిక ఎంతవరకు?

దక్షిణాసియా పాఠకులకు ఈ కథ వినగానే 1971 గుర్తుకు రావడం సహజం. తూర్పు పాకిస్తాన్ ఉద్యమంలో భాషతో పాటు డబ్బు లెక్కలూ ప్రధానమే. జనపనార ఎగుమతులతో తూర్పు ప్రాంతం సంపాదించిన విదేశీ మారకం పశ్చిమానికి పోతోందన్నది అప్పటి ప్రధాన ఫిర్యాదు. రెండు ప్రాంతాల విదేశీ మారకానికి వేర్వేరు ఖాతాలు ఉండాలని 1966లో షేక్ ముజిబుర్ రహ్మాన్ ప్రకటించిన ఆరు సూత్రాల్లో ఉంది. పెద్ద కూటమిలో చిన్న భాగస్వామికి అన్యాయం జరుగుతోందన్న ఆలోర్‌దేశ్ వాదన దీనికి దగ్గరగానే ఉంటుంది.

కానీ తేడా కూడా పెద్దదే. బంగ్లాదేశ్ స్వాతంత్ర్యానికి 1970 ఎన్నికల తీర్పు, ఆ వెనక ఏళ్లతరబడి సాగిన ప్రజా ఉద్యమం పునాది. ఆలోర్‌దేశ్ స్వాతంత్ర్యం వెన్ మకార్జ్ అనే సైనిక నేత చేసిన తిరుగుబాటుతో వస్తుంది. ఆ కోణంలో చూస్తే ఈ కథకు బంగ్లాదేశ్ తర్వాతి చరిత్రే, అంటే 1975, 1982 నాటి సైనిక తిరుగుబాట్లే ఎక్కువ దగ్గర. ఆ నేత పేరులో బెంగాలీ ఛాయలు కనిపించకపోవడం మరో విషయం.

ఆటగాడు ఎవరి పక్షాన ఉంటాడన్నది అంతకన్నా ముఖ్యం. యాష్ ఫరూక్, లీసా స్టాన్లీ, థామస్ నార్లండ్ అనే మూడు ప్రధాన పాత్రలూ ఓసీయూ వైపువాళ్లే. ఆలోర్‌దేశ్ ప్రజల కోపానికి కారణముందని గేమ్ ఒప్పుకుంటుంది. కానీ ఆ దేశాన్ని చూపించేది మాత్రం దాన్ని దాటి పోవాలనుకునే సైనికుల కళ్లతో. ఇంత ఆలోచించి రాసిన కథకు ఇదొక పరిమితి.

26 ఏళ్లు జపనీస్‌లోనే

ఈ పరిమితి గురించి చర్చించే అవకాశం కూడా బంగ్లాదేశ్‌లోని, భారత్‌లోని చాలామంది ఆటగాళ్లకు చాలా కాలం దక్కలేదు. మొదటి గేమ్ అధికారికంగా ఇంగ్లిష్‌లో వచ్చింది 2007లో, నింటెండో డీఎస్ మీద. అప్పటికే మూడో గేమ్ 2000లో ఇంగ్లిష్‌లోకి రావడంతో, సిరీస్ చాలామందికి అక్కడి నుంచే పరిచయం. రెండోదానికి అధికారిక ఇంగ్లిష్ రూపం 2023 అక్టోబరు దాకా లేదు. నింటెండో స్విచ్ మీద వచ్చిన రీమేక్‌తో ఆ లోటు తీరింది.

అంటే దక్షిణాసియా నేపథ్యంగా జపాన్‌లో తయారైన కథ, ఇక్కడివాళ్లు చదవగలిగే భాషలోకి రావడానికి 26 ఏళ్లు పట్టింది. బెంగాలీ భాషలోకి వస్తే, ఆలోర్‌దేశ్ అన్న పేరుకు అర్థం ఎవరూ విడిగా చెప్పనక్కర్లేదు.