హెడ్‌ఫోన్‌కు సాధకం కావాలా?

గంజాం జిల్లా భంజనగర్ లాంటి ఊళ్లో పాతికవేల రూపాయల హెడ్‌ఫోన్‌ను చెవికి పెట్టి చూసి కొనే వీలు తక్కువ. బరంపురం వెళ్లాలి, లేదా ఆన్‌లైన్‌లో తెప్పించుకోవాలి. తీరా పెట్టె విప్పి వింటే శబ్దం గరుకుగా, పలచగా అనిపిస్తుంది. తెలిసినవాళ్లను అడిగితే ఒకటే సలహా: "ఓ రెండొందల గంటలు పాటలు పెట్టి వదిలెయ్యండి, అదే దారికొస్తుంది." దీన్నే బ్రేక్-ఇన్ అంటున్నారు.

మనవాళ్లు ఈ మాట సులువుగా నమ్మడానికి కారణం లేకపోలేదు. మృదంగానికి కొత్త మూత వేయిస్తే తోలు సాగి కుదురుకునేదాకా శ్రుతి నిలవదు. వానాకాలం తేమ పీల్చిందంటే మళ్లీ జారుతుంది. అయితే హెడ్‌ఫోన్‌లో మోగేది తోలు కాదు, వెంట్రుకంత మందం కూడా లేని ప్లాస్టిక్ పొర. దానికి సన్నటి తీగచుట్ట అతికి ఉంటుంది, పక్కనే అయస్కాంతం. తీగలో కరెంటు దిశ మారినప్పుడల్లా పొర ముందుకీ వెనక్కీ ఆడుతుంది. పెద్ద స్పీకర్లలో వూఫర్ అంచున ఉండే రబ్బరు, వెనకనుండే మడతల బట్ట కాస్త ఆడాక మెత్తబడే మాట నిజమే, అది కొలతకు అందుతుంది. హెడ్‌ఫోన్ పొర కదిలేదే బహు కొద్ది. దానిలో మార్పు వచ్చినా, హెడ్‌ఫోన్‌ను ఒకసారి తీసి మళ్లీ పెట్టుకుంటే వచ్చే తేడాలో కలిసిపోతుంది.

మరి కొన్నాళ్లకు బాగా వినిపించడం భ్రమా? పూర్తిగా కాదు. చెవిమెత్తలు మారతాయి. కొత్త నురుగు బిరుసుగా ఉండి తలకు సరిగా ఆనదు, కళ్లజోడు ఉంటే మరీను. సందు మిగిలితే ముందుగా పోయేది మంద్రస్థాయి. మృదంగం కచేరీ వింటూ మెత్తను చూపుడువేలితో కాస్త ఎత్తి చూడండి: ఎడమవైపు గుమ్కి మాయమై కుడివైపు టకటకలే మిగులుతాయి. వాడగా వాడగా మెత్త ఒత్తుకుని ఆ సందు మూసుకుంటుంది. (మన తీరప్రాంతపు ఉక్కకీ చెమటకీ కృత్రిమ తోలు పొట్టు లేస్తుంది. మెత్తలు మార్చారా, శబ్దం మళ్లీ మారినట్టే.)

మిగతా మార్పు మన మెదడుది. కొత్త శబ్దానికి అది అలవాటు పడిపోతుంది. పైగా శబ్దంలోని సూక్ష్మమైన తేడాలు చెవికి కొన్ని సెకన్లకు మించి గుర్తుండవు. పోయిన నెల విన్నదాంతో ఇవాళ్టిది పోల్చడం ఎవరి తరమూ కాదు. వాద్యాల్లోనూ ఈ నమ్మకాన్ని పరీక్షించినవాళ్లున్నారు. ఆస్ట్రేలియాలో ఒకే చెక్కతో రెండు వయొలిన్లు చేయించి, ఒకటి సిడ్నీ మ్యూజియంలో ఉంచారు, రెండోదాన్ని ఒక విద్వాంసుడు వాయిస్తూ వచ్చాడు. మూడేళ్ల తర్వాత పోల్చితే చెప్పుకోదగ్గ తేడా తేలలేదు. ఆ ఫలితాలు 2005లో అచ్చయ్యాయి.

పొరను "సాగదీయాలని" వాల్యూమ్ పెంచి వినడం మాత్రం ప్రమాదం. ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్కలో 80 డెసిబెల్స్ అయితే వారానికి 40 గంటలు వినొచ్చు, 90 అయితే 4 గంటలే.

రోజుకు రెండు గంటల చొప్పున రెండొందల గంటలంటే మూడు నెలలు దాటుతుంది. వాపసు గడువు తరచూ వారం పది రోజులే. ఈ సలహా ఎవరికి లాభమో వేరే చెప్పాలా? నాలుగు రోజులు మామూలుగా వినండి. అప్పటికీ నచ్చకపోతే గడువులోగా తిప్పి పంపేయండి.