గిరీశం డైలాగు చెప్పించకండి

టీనేజీ పిల్లలతో ‘కన్యాశుల్కం’ ఆడించాలనుకునే దర్శకుడు ఎంపిక రోజున వెతకాల్సింది ఖంగుమనే గొంతును కాదు, ఎదుటివాడి మాట వినగలిగే చెవిని.

పిల్లల నాటకానికి నటుల్ని ఎంచుకోవడంలో మన దగ్గర చాలాచోట్ల ఒకటే పద్ధతి. అందరినీ వరసగా నిలబెడతారు, ఒక్కొక్కరినీ ముందుకు పిలిచి వచ్చిన డైలాగు చెప్పమంటారు. ‘కన్యాశుల్కం’ అయితే బొంకులదిబ్బ దగ్గర గిరీశం తనలో తాను మాట్లాడుకునే ఘట్టం ఉండనే ఉంది. పిల్లలు దాన్ని 1955 సినిమాలో ఎన్టీఆర్‌ని చూసో, యూట్యూబ్‌లో మరొకరిని చూసో నేర్చుకుని వస్తారు. తడబడకుండా ధాటిగా చెప్పినవాడికి పెద్ద వేషం, నసిగినవాడికి గుంపులో చోటు. సాయంత్రానికల్లా పని పూర్తవుతుంది. ఈ పద్ధతి వేగంగా సాగుతుంది, నిష్పక్షపాతంగానూ కనిపిస్తుంది. కానీ అది కొలుస్తున్నది అనుకరణని. నాటకం నిలబడేది అనుకరణ మీద కాదు. వేదిక మీద ఒకరు మాట్లాడుతుంటే మిగిలినవాళ్లు నిజంగా వింటున్నారా లేదా అన్నదాని మీద. ‘కన్యాశుల్కం’ విషయంలో ఇది మరీ నిజం.

గురజాడ అప్పారావు నాటకం 1892లో విజయనగరంలో తొలిసారి వేదికెక్కింది, 1897లో అచ్చయింది. ఐదంకాల ఆ నాటకాన్ని ఆయన తిరగరాసి, ఏడంకాలకు పెంచి 1909లో మళ్లీ ప్రచురించారు. ఇందులో పిల్లలెవరో ఒకసారి చూడండి. పరీక్ష తప్పిన వెంకటేశం, పసితనంలోనే వితంతువైన అతని అక్క బుచ్చమ్మ, పద్ధెనిమిది వందల రూపాయలకు ముసలి లుబ్ధావధాన్లుకు బేరమైన చెల్లెలు సుబ్బి, వీళ్ల మేనమామ కరటకశాస్త్రి కోసం ఆడవేషం కట్టిన శిష్యుడు మహేశం. మాట్లాడేదంతా పెద్దవాళ్లు. నిర్ణయమయ్యేది పిల్లల బతుకులు. ఎవరి పెళ్లి చుట్టూ ఇంత కథ నడిచిందో ఆ సుబ్బికి దాదాపు మాటే లేదు. మొదటి ముద్రణ ముందుమాటలో గురజాడ ఒక లెక్క ఇచ్చారు: విశాఖపట్నం జిల్లాలో మూడేళ్లలో నమోదైన, ఇలా పిల్లకి వెల పుచ్చుకుని చేసిన పెళ్లిళ్లు 1,034. వాటిలో 99 మంది పెళ్లికూతుళ్ల వయసు ఐదేళ్లు. మాట చెల్లని వయసువాళ్ల గురించి రాసిన నాటకానికి, మాటల ధాటి చూసి పిల్లల్ని ఎంచుకోవడంలో అర్థం లేదు.

మరి దేన్ని చూడాలి? దారి నాటకంలోనే ఉంది. సెలవులకి అగ్రహారం వచ్చిన వెంకటేశాన్ని తల్లి వెంకమ్మ ఇంగ్లీషులో మాట్లాడి వినిపించమంటుంది. అతనికి చదువు చెబుతానని వెంట వచ్చిన గిరీశం బడిపిల్లల పద్యం ముక్కొకటి అందుకుంటాడు. వెంకటేశం పాఠ్యపుస్తకంలో నోటికొచ్చిన వాక్యాన్ని జవాబుగా పడేస్తాడు. ఒకదానికొకటి పొంతన లేదు. తల్లికి మాత్రం కొడుకు దొరలా మాట్లాడుతున్నాడని పొంగు. ఈ ఘట్టాన్ని ముగ్గురు పిల్లలకిచ్చి, వేషాలు మార్చి మార్చి మూడుసార్లు ఆడించాలి. గిరీశంగా బాగా చేసిన కుర్రాడు వెంకమ్మ చోట కూర్చున్నప్పుడు ఏం చేస్తాడు? తన వంతు అయిపోయిందని దిక్కులు చూస్తాడా, లేక అర్థం కాని ఆ ముక్కల్ని ఆత్రంగా వింటూ మురిసిపోతాడా? వెంకటేశంగా నిలబడ్డ పిల్ల గిరీశం అందించిన సైగని పట్టుకుంటుందా? పది నిమిషాల్లో తేలిపోతుంది. గిరీశం వేషానికైనా ఇదే పరీక్ష పనికొస్తుంది. గిరీశం కేవలం వాగుడుకాయ కాదు. వెంకటేశంతో ఒకలా, బుచ్చమ్మతో ఒకలా, దావాల పిచ్చి ఉన్న వాళ్ల తండ్రి అగ్నిహోత్రావధాన్లుతో మరొకలా మాట్లాడతాడు. ఎదుటివాడి బలహీనతని విని పట్టుకోవడమే అతని విద్య.

నాటకంలో ఒక ఎంపిక కూడా జరుగుతుంది. మేనకోడలు సుబ్బి పెళ్లి తప్పించడానికి కరటకశాస్త్రి తన శిష్యుడికే ఆడపిల్ల వేషం కట్టి లుబ్ధావధాన్లు ఇంటికి పంపుతాడు. అక్కడ కంఠతా పట్టిన పోర్షన్ పనికిరాదు, ప్రాంప్టింగు చేసేవాడు ఉండడు. ఎవరేమంటారో విని అప్పటికప్పుడు జవాబు చెప్పుకోవాలి. స్వయంగా నటుడైన కరటకశాస్త్రి ఆ కుర్రాడి మీద అంత నమ్మకం పెట్టుకున్నాడంటే, పక్కనుంచుకుని నేర్పిన మనిషిగా అతని చురుకు తెలుసు గనకే. నేటి దర్శకుడికి అంత పరిచయం దొరకదు. అందుకే ఎంపికకి ఒక్క పూట చాలదు. మొదటి రోజు ఆటలు, జంటగా చేసే అభ్యాసాలు, మరునాడు ఘట్టాలు. రెండో రోజుకి ఎవరిలో ఎంత మార్పొచ్చిందన్నది మొదటి రోజు ప్రదర్శన కంటే ముఖ్యం.

అనుభవజ్ఞులు దీనికి అడ్డు చెబుతారు. కుదించి ఆడినా ‘కన్యాశుల్కం’ పెద్ద నాటకమే. పోర్షన్ గుర్తుండాలి, గొంతు చివరి వరసకి వినపడాలి, రిహార్సళ్లకి దొరికే సమయం తక్కువ, తయారుగా ఉన్నవాణ్ణి తీసుకుంటే తప్పేమిటి? ఇది కొట్టిపారేయాల్సిన మాట కాదు. జ్ఞాపకశక్తి, గొంతు రెండూ కావాలి. అయితే ఆ రెండూ రిహార్సల్లో పెరిగేవే. పైగా ఈ వయసు మగపిల్లల గొంతు ఎప్పుడు మారుతుందో ఎవరూ చెప్పలేరు. ఎంపిక రోజున ఖంగుమన్న గొంతు ప్రదర్శన నాటికి బొంగురుపోవచ్చు. తయారుగా వచ్చినవాడితో మరో చిక్కుంది. ఎన్టీఆర్ ఛాయని వదిలించడానికి పట్టే కాలం, బిడియస్తుడి చేత నోరు విప్పించడానికి పట్టే కాలం కంటే తక్కువేమీ కాదు.

రెండో అభ్యంతరం తల్లిదండ్రులది. చుట్టలు, వేశ్య, వితంతువుని మాయమాటలతో లేవదీసుకుపోవడం — ఇవన్నీ పిల్లలతోనా అని. ఆ జాగ్రత్త సబబే. అందుకే ఏ ఘట్టం ఎలా ఉంటుందో ఎంపికకి ముందే తల్లిదండ్రులకి చెప్పాలి. ఇబ్బందిగా ఉందన్న పిల్లకి మరో వేషం ఇవ్వాలి. ఆ మాట అన్నందుకు ఆమెని పక్కన పెట్టకూడదు. అంతేగానీ నాటకాన్నే దూరం పెట్టడం పరిష్కారం కాదు. బుచ్చమ్మకి జరిగింది ఈ పిల్లల ఈడులోనే. చదువుకున్నవాడి తియ్యని మాటల వెనక ఏముందో కనిపెట్టడం వీళ్లకి ఫోన్ తెరిచిన ప్రతిసారీ అవసరమవుతోంది. పెద్దలు తోడుండగా రిహార్సల్ గదిలో దాని గురించి మాట్లాడుకోవడం వాళ్లకి రక్షణే.

ఇక భాష. నాటకం రాసిన కాలంలో వెంకటేశానికి ఇంగ్లీషు గొప్ప. నేటి ఇంగ్లీషు మీడియం పిల్లలు గిరీశం ఇంగ్లీషు ముక్కల్ని అవలీలగా పలుకుతారు, వెంకమ్మ తెలుగు దగ్గరే ఆగిపోతారు. కాగితం చేతికిచ్చి అక్కడికక్కడ చదవమంటే, పరీక్షించింది నటనని కాదు, తెలుగు చదవడాన్ని. ఘట్టాన్ని రెండుసార్లు చదివి వినిపించి, సొంత మాటల్లో ఆడమంటే ప్రభుత్వ బడి పిల్లా కార్పొరేట్ స్కూలు పిల్లా ఒకే గీత మీద నిలబడతారు. ఉత్తరాంధ్ర యాస ఎంపిక రోజుకే రావాల్సిన పని లేదు. ఆ ప్రాంతం పెద్దల నోట విని తర్వాత పట్టుకోవచ్చు.

ఎంత జాగ్రత్తగా ఎంచుకున్నా కొందరికి వేషం దక్కదు. పేర్ల జాబితా గోడకి అంటించి తప్పుకోవడం ఈ వయసువాళ్లకి చేసే అన్యాయం. ప్రతి ఒక్కరినీ విడిగా పిలిచి, ఏది బాగుందో, ఏది ఇంకా రావాలో చెప్పి, ప్రాంప్టింగో లైటింగో రంగాలంకరణో చేతిలో పెట్టాలి. వేలెత్తి చూపి తిప్పి పంపిన పిల్ల మళ్లీ నాటకం వైపు రాకపోవచ్చు. ‘కన్యాశుల్కం’లో పెద్దలు పిల్లల గురించి ఎడతెగకుండా మాట్లాడుకుంటారు, వాళ్లని మాత్రం అడగరు. ఆ నాటకం ఆడించబోయే పెద్దలు ఎంపికతోనే అదే తప్పు మొదలుపెట్టకూడదు. పిల్లల్లో వినికిడిని వెతికే ముందు, రెండు రోజులు వెచ్చించి తామే వాళ్లని వినాలి.